ఇరవై టన్నుల బిగువులో పుట్టే గొంతు

జిగురు అంటుకున్న క్షణం నుంచి ఇక ఆగడానికి లేదు. అరగంటలోపే కలప వంగాలి, అచ్చుకు హత్తుకోవాలి, బిగుసుకోవాలి. ఆలస్యమైతే జిగురు గట్టిపడుతుంది. నెలల తరబడి ఆరబెట్టి, ఏరి, పలకలుగా కోసి, అతికి సిద్ధం చేసుకున్న మేపుల్ అంతా వృథా అయిపోతుంది.

కాస్త గోడవారగా నిలబడండి. వాళ్ల దారికి అడ్డు రావద్దు. మీరున్నది న్యూయార్క్ నగరంలో, క్వీన్స్ ఉత్తరపు అంచున ఉన్న ఆస్టోరియాలో. రైలు మార్గం ముగిసే డిట్‌మార్స్ బులెవార్డ్ స్టేషన్‌లో దిగి, ఇళ్లూ కొట్లూ దాటుకుంటూ ఈ ఎర్ర ఇటుకల భవనాల దాకా నడిచి వచ్చారు. స్టైన్‌వే కుటుంబం 1870ల్లో ఈ చుట్టుపక్కల నేల కొని రంపపు మిల్లు, ఇనుము పోతపోసే కార్ఖానా పెట్టుకుంది. ఇవాళ్టికీ ఇక్కడ గ్రాండ్ పియానోలు తయారవుతున్నాయి. మీ కళ్ల ముందు మొదలవుతున్నది వాటిలో అన్నిటికన్నా పెద్దది, మోడల్ డి. పొడవు 274 సెంటీమీటర్లు, బరువు సుమారు అర టన్ను. పెద్ద పెద్ద సంగీత మందిరాల వేదికల మీద మీరు చూసేది ఎక్కువగా దీన్నే.

అదిగో, తీసుకొస్తున్నారు. ఆరుగురు మనుషులు. వాళ్ల చేతుల మీద దాదాపు 22 అడుగుల పొడవున మేపుల్ పలకల దొంతర. మొత్తం 18 పొరలు. ఒక్కో పొర మందం అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అన్నీ కలిస్తే ఎనిమిది సెంటీమీటర్లు దాటుతుంది. పొరల సందుల్లోంచి తడి జిగురు ఉబికి వస్తోంది. దొంతర నడుమ కుంగకుండా ఆరుగురూ ఒకే అడుగు వేస్తూ నడుస్తున్నారు.

గది మధ్యలో పియానో ఆకారంలో ఓ భారీ అచ్చు ఉంది. దొంతరను దాని చుట్టూ తిప్పాలి. ముందు ఒక వైపు బిగించారు. ఇప్పుడు అందరూ ఒక్కసారిగా మిగతా పొడవు మీదికి ఒరిగారు. ఎవరూ కేకలు వేయడం లేదు. పెద్దాయన చూపు ఎటు తిరిగితే మిగతా చేతులు అటు వెళ్తున్నాయి. మేపుల్ కిర్రుమంటోంది. తోక దగ్గరి మలుపు తిరిగాక కలప మళ్లీ ఎదురు దిశలో వంపు తీసుకోవాలి. ఒకసారి ఒంగిన దాన్ని వెంటనే అటు తిప్పి ఒంచడం, అదీ తడి జిగురు జారుతుండగా, ఈ పని మొత్తంలో కష్టమైన చోటు. కొయ్య సుత్తులు పడుతున్నాయి. బిగింపు మరలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. ఒకడు ఒంటి బరువంతా వేసి మీటను నొక్కుతుంటే, పక్కవాడు ఆ సందులో మర తిప్పేస్తున్నాడు. చొక్కాలు వీపుకు అంటుకుపోయాయి.

అయిపోయింది. ఒక్క మేకు లేదు, మూలల దగ్గర ఒక్క అతుకు లేదు. పియానో లోపలి గోడ, బయటి గోడ ఒకే వంపులో, ఒకే దెబ్బకు తయారయ్యాయి. ఆ కుటుంబంలోని థియోడోర్ స్టైన్‌వే ఈ పద్ధతికి 1880లో పేటెంటు తీసుకున్నాడు. ముక్కలు అతికి కట్టిన గోడలో ప్రతి అతుకూ కొంత కంపనాన్ని మింగేస్తుంది. ఏకంగా వంగిన గట్టి మేపుల్ గోడ మింగదు. లోపల పుట్టిన కంపనాన్ని తిరిగి లోపలికే పంపిస్తుంది. పియానో స్వరం ఎంతసేపు నిలుస్తుందన్నది చాలావరకు ఈ అరగంటలోనే తేలిపోతుంది, ఇంకా ఒక్క తీగ కూడా కట్టకముందే.

ఇక పక్క గదిలోకి రండి. వెచ్చగా, మసకగా ఉంటుంది. అచ్చులోంచి బయటికొచ్చిన పియానో గోడలు ఇక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. నిండా కలప వాసన. ఈ గదిలో మనుషులెవరూ పనిచేయడం లేదు, పని మాత్రం జరుగుతూనే ఉంది. బలవంతంగా ఒంగిన మేపుల్ మెల్లగా తన కొత్త ఆకారానికి అలవాటు పడుతోంది, జిగురులోని తేమ వెళ్లిపోతోంది. దీనికి వారాలు పడుతుంది, కచేరీ పియానోకైతే కొన్ని నెలలు. తొందరపెడితే తర్వాత ఎప్పుడో ఒకనాడు కలప తన పాత దారి వెతుక్కుంటుంది. అందుకే తొందరపెట్టరు. మోడల్ డి పూర్తి కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందులో చెప్పుకోదగ్గ భాగం ఇలా ఊరికే ఉంచడమే.

వేచి ఉండడం స్టైన్‌వే ఇంటి పెద్దలకు కొత్త కాదు. జర్మనీలోని జేసెన్ అనే చిన్న ఊళ్లో హైన్‌రిఖ్ ఎంగెల్‌హార్ట్ స్టైన్‌వేగ్ అనే వడ్రంగి ఉండేవాడు. చేతిపని కొయ్యసామాను చేసేవాడు. తన మొదటి గ్రాండ్ పియానోను 1836లో ఇంటి వంటగదిలోనే కట్టాడని చెబుతారు. 1850లో కుటుంబంతో అమెరికా వలస వచ్చాడు. వచ్చీ రాగానే కంపెనీ పెట్టలేదు. కొన్నేళ్లు తండ్రీ కొడుకులు న్యూయార్క్‌లో వేరేవాళ్ల పియానో కార్ఖానాల్లో కూలికి పనిచేశారు. 1853లో సొంతంగా మొదలుపెట్టి పేరును ఇంగ్లీషు నోటికి తగ్గట్టు స్టైన్‌వే అని మార్చుకున్నారు. 1880లో హాంబర్గ్‌లో రెండో కార్ఖానా తెరిచారు. ఇవాళ ఈ ఆస్టోరియా గదుల్లో పనిచేసే చేతులు కూడా ఎక్కువగా ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చినవే. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో భాష వినిపిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు పై అంతస్తుకు. ఇక్కడి వాసన వేరు, కాస్త తేలిక. ఇది స్ప్రూస్ కలప. అలాస్కా, పసిఫిక్ వాయవ్య తీరాల్లో పెరిగే సిట్కా స్ప్రూస్. బల్ల మీద పలకలు పరిచి ఉన్నాయి. ఒకాయన ఒక్కో పలకనూ వెలుతురులోకి ఎత్తి చూస్తున్నాడు. ఏడాదికో గీత చొప్పున చెట్టు రాసుకున్న చారలు సన్నగా, దగ్గర దగ్గరగా, కొస నుంచి కొస దాకా తిన్నగా ఉండాలి. ఎక్కడో ఒక మూల చిన్న ముడి, కాస్త బంక మరక. సుద్దతో గీత గీసి పక్కన పెట్టేశాడు. మీ కంటికి అది నిక్షేపంగా ఉంది. ఆయన మాత్రం దానివైపు మళ్లీ చూడలేదు.

ఈ పలకలు అంచుకు అంచు అతికితే పియానో నాదఫలకం అవుతుంది. పియానో గొంతు అంటే ఇదే. బిగించిన తీగ ఎంత గట్టిగా కంపించినా అది కదిలించే గాలి చాలా తక్కువ, గదిలో వినిపించదు. ఆ కంపనాన్ని అందుకుని ఇంత వెడల్పున గాలిని కదిలించేది నాదఫలకం. స్ప్రూస్ తేలిక, అదే సమయంలో చార పొడవునా గట్టి. ఆ చార వెంట శబ్దం గాలిలో కన్నా పది రెట్లకు పైగా వేగంగా పరుగెడుతుంది. ఫలకాన్ని అంతటా ఒకే మందంలో ఉంచరు. నడుమ సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు, అంచులకు వచ్చేసరికి ఆరుకో అంతకన్నా తక్కువకో దిగుతుంది. నడుమ బలం ఉంటుంది, అంచులు స్వేచ్ఛగా ఊగుతాయి. 1936లో పేటెంటు పొందిన ఈ పద్ధతినే ఇప్పటికీ పాటిస్తున్నారు. 

ఫలకాన్ని తిరగేశారు. వీపున పక్కటెముకల్లా సన్నటి కమ్మీలు అతుకుతున్నారు. అతికే పీట కాస్త గుంటగా ఉంటుంది. అందువల్ల ఆరాక ఫలకం నడుమ కొద్దిగా పైకి ఉబ్బి నిలుస్తుంది. ఎంత ఉబ్బు? కంటితో చూస్తే తెలియదు. ఒక దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి పట్టుకుని వెలుతురులో చూడమన్నారు. దారానికీ చెక్కకూ మధ్య సన్నటి సందు మారుతూ కనిపిస్తుంది. రేపు తీగలు పైనుంచి నొక్కినప్పుడు ఎదురు నిలిచేది ఈ కాస్త ఉబ్బే. 

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే వడ్రంగి ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి, మెడ అన్నీ అందులోంచే తీస్తాడు. అతుకు లేని ఏకాండి వీణకు అంత విలువ. పియానో అందుకు పూర్తిగా భిన్నమైన దారిలో అక్కడికే చేరాలని చూస్తుంది. పన్నెండు వేలకు పైగా విడిభాగాలు, అయిదారు రకాల కలప, ఇనుము, ఉక్కు, రాగి, ఉన్ని, అన్నీ కలిసి ఒకే దుంగలోంచి వచ్చినంత ఏకంగా పలకాలి. వీణ తీగ కంపనాన్ని కుండకు చేరవేసేది గుర్రం. పియానోలోనూ గుర్రం ఉంది, కాకపోతే ఇది వంకర తిరిగిన పొడవాటి మేపుల్ గట్టు.

ఆ గట్టు మీద పనిచేస్తున్న ఆయన చేతులు చూడండి. ఉలి, కొయ్య సుత్తి, అంతే. ప్రతి తీగా గట్టు మీద ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ వదిలేస్తుందో ఆ చోట చిన్న గాడి చెక్కుతున్నాడు. గాడి అంచు తీగ పొడవును నిర్ణయిస్తుంది. అంచు రవ్వంత అటు ఇటు అయితే తీగ బుసకొడుతుంది, శ్రుతి కుదరదు. కింది స్వరాల నుంచి పై స్వరాలకు వెళ్లేకొద్దీ గాడులు దగ్గరవుతున్నాయి. ఆయన ఆగి కొలవడం లేదు. ఉలి పెట్టే కోణాన్ని మణికట్టు మార్చుకుంటూ పోతోంది. పక్కన నిలబడిన కుర్రాడు ఒక పాత గట్టు మీద అదే సాధన చేస్తున్నాడు. ఈ పనికి పాఠ్యపుస్తకం లేదు. పెద్దవాడి చేతి పక్కన చెయ్యి పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకోవడమే.

తరువాతి గదిలో గోడ, నాదఫలకం ఒకటవుతాయి. గోడ లోపలి అంచు మీద ఫలకం కూర్చోవాలి. ఏ రెండు గోడలూ అచ్చంగా ఒకలా వంగవు. అందుకే ఏ ఫలకాన్నీ ముందే కోసిపెట్టి తెచ్చి దించరు. ఆ గోడకే కొలిచి, ఆ గోడకే చిత్రిక పడతారు. పనివాడు పియానో మీద బోర్లా పడుకున్నాడు, తల లోపలికి, కాళ్లు బయటికి. ఫలకాన్ని దించాడు, చూశాడు, ఎత్తాడు. సన్నటి చెక్క పొట్టు ఒక పాయ లేచింది. మళ్లీ దించాడు. ఎన్నిసార్లయినా సరే, చుట్టూ ఒక్క కాగితం దూరేంత సందు కూడా మిగలకూడదు.

పైన గొలుసులు గలగలమంటున్నాయి. ఇనుప చట్రం వస్తోంది. ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పోతపోసినది, కంచు రంగు పూసినది. నలుగురు మనుషులు ఎత్తడానికే ఆలోచించే బరువు. పద్దెనిమిదో శతాబ్దపు పియానోలకు ఇది లేదు, అప్పటి చట్రమంతా కొయ్యే. సంగీత మందిరాలు పెద్దవైనకొద్దీ గట్టి నాదం కావాల్సి వచ్చింది. గట్టి నాదానికి మందపాటి తీగలు, ఎక్కువ బిగువు కావాలి. కొయ్య ఆ బిగువును భరించలేకపోయింది. ఏకపోత ఇనుప చట్రానికి 1825లో బోస్టన్ పనివాడు ఆల్ఫియస్ బాబ్‌కాక్ పేటెంటు తీసుకున్నాడు. 1859లో హెన్రీ స్టైన్‌వే జూనియర్ గ్రాండ్ పియానోలో కింది స్వరాల తీగలను మిగతా తీగల మీదుగా ఏటవాలుగా దాటించాడు. దానివల్ల ఆ తీగల గుర్రం ఫలకం అంచున కాకుండా నడుమకు దగ్గరగా జరిగింది. కింది స్వరాలకు నిండుదనం వచ్చింది. ఇప్పుడు దాదాపు ఏ దేశంలో కట్టే గ్రాండ్ పియానో మూత ఎత్తి చూసినా ఈ రెండు ఆలోచనలూ కనిపిస్తాయి.

చట్రం దిగుతోంది. నాలుగు దిక్కులా నాలుగు చేతులు దాన్ని తడుముతూ దారి చూపిస్తున్నాయి. ఇక్కడ కావాల్సిన కొలత కంటికి ఆనదు. తీగ గుర్రం మీదుగా వెళ్లేటప్పుడు కొద్దిగా కిందికి నొక్కాలి. నొక్కు ఎక్కువైతే ఫలకం ఊపిరాడక మూగబోతుంది. తక్కువైతే నాదం పలచనవుతుంది, వెంటనే చచ్చిపోతుంది. కాబట్టి చట్రం ఎంత ఎత్తున కూర్చోవాలో ఈ ఫలకపు ఉబ్బును బట్టి, ఈ గుర్రం ఎత్తును బట్టి తేల్చాలి. దారం లాగి చూస్తున్నారు, మళ్లీ గొలుసుతో పైకి లేపుతున్నారు, ఆధారాలను సవరిస్తున్నారు, మళ్లీ దించుతున్నారు. ఇంత ఇనుమును అన్నిసార్లు ఎత్తి దించేది కాస్తంత నొక్కు కోసం.

ఇక తీగలు. మోడల్ డిలో 243 ఉంటాయి. అట్టడుగు స్వరాలకు రాగి చుట్టిన ఒక్కో తీగ, ఆ పైన రెండేసి, మిగతా వాటికి మూడేసి. అన్నిటికన్నా కింది ‘ఏ’ స్వరం సెకనుకు 27.5 సార్లు కంపిస్తుంది, దాని తీగ పొడవు రెండు మీటర్లు దాటుతుంది. అన్నిటికన్నా పై ‘సి’ సెకనుకు 4,186 సార్లు, తీగ మీ అరచేయంత కూడా ఉండదు. తీగ కట్టేవాడు ఉక్కు మేకుకు మూడు చుట్లు వేస్తాడు. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఉండకూడదు, ఒకదానిమీదికి ఒకటి ఎక్కకూడదు. ఆ మేకును సుత్తితో మేపుల్ దిమ్మెలోకి దిగ్గొడతాడు. దిమ్మెలోని పొరల చారలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి, అందుకే మేకు ఏ దిక్కుకూ సడలదు. చుట్టు, కొట్టు, తిప్పు. చుట్టు, కొట్టు, తిప్పు. మధ్యాహ్నానికి పియానో లోపలంతా వెండి గీతలతో నిండిపోతుంది.

ఒక్కో తీగ లాగే బరువు ఓ పెద్ద మనిషి బరువంత. అన్నీ కలిస్తే దాదాపు ఇరవై టన్నులు. ఒక్క క్షణం ఈ మాట దగ్గర ఆగండి. వేదిక మీద నిశ్చలంగా నిలబడిన పియానో లోపల రాత్రీ పగలూ ఇరవై టన్నుల లాగుడు ఉంటుంది. ఇనుము ఎదురు తోస్తుంది, మేపుల్ పట్టుకుంటుంది, స్ప్రూస్ కింద నుంచి ఎత్తి నిలబెడుతుంది. ఇప్పటిదాకా మీరు చూసిన పనంతా, అంటే వంచడం, ఆరబెట్టడం, చిత్రిక పట్టడం, దించి ఎత్తడం, ఈ బిగువులన్నిటినీ ఒకదానికొకటి సరిపెట్టడానికే. ఈ సరిపాటులో ఎవరి వాటా ఎక్కువైనా గొంతు పోతుంది.

ఇప్పుడు కాస్త నిశ్శబ్దమైన గదికి వెళ్దాం. ఇక్కడ సుత్తులు చిన్నవి, పనిముట్లు సన్నవి. పియానో మీటకూ తీగకూ మధ్య ఉండే యంత్రాంగాన్ని కూర్చేది ఇక్కడే. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో మెదిచీ కుటుంబపు కొలువులో ఉన్న బార్తొలొమేయో క్రిస్తొఫొరీ దీని మూలసూత్రాన్ని కనిపెట్టాడు. అప్పటికి వాడుకలో ఉన్న హార్ప్‌సికార్డ్‌లో ఒక ములుకు తీగను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా దాదాపు ఒకటే చప్పుడు. క్రిస్తొఫొరీ తీగను సుత్తితో కొట్టించాడు. కొట్టాక సుత్తి తీగ మీదే ఉండిపోతే నాదం నొక్కుకుపోతుంది. అందుకని తగలబోయే ముందు సుత్తిని మీట అదుపులోంచి విడిపించేశాడు. ఆయన కట్టిన పియానోల్లో 1720 నాటిది ఒకటి ఇదే న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఇక్కడ కూర్చోండి. ఒక మీట మీద వేలుంచి చాలా నెమ్మదిగా నొక్కండి. మీట పది మిల్లీమీటర్లు దిగుతుంది. అదే సమయంలో సుత్తి నాలుగున్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం ఉందనగా మీ వేలికి చిన్న తెగుడు తెలుస్తుంది. అక్కడ సుత్తి విడుదలైంది. ఇక దాని మీద మీకు ఏ అధికారమూ లేదు; మీరిచ్చిన వేగంతో అదే వెళ్లి తగిలి తిరిగొస్తుంది. పియానో వాయించేవాడు తీగను ఎన్నడూ తాకడు. తన మనసులో ఉన్నదంతా ఆ తెగుడుకు ముందే వేలితో చెప్పేయాలి. 1821లో సెబాస్టియన్ ఎరార్ పేటెంటు పొందిన రెండంచెల విడుదల వచ్చాక మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ కొట్టడం సాధ్యమైంది. పియానో విద్వాంసుడు లిస్ట్ కాలం నాటి మెరుపు వేగపు వాయింపు ఆ మెలిక మీదే ఆధారపడింది.

ఈ యంత్రాంగం ఒక్కో స్వరానికి పదుల కొద్దీ ముక్కలు. అలాంటివి 88. మీ పక్కనున్న ఆవిడ మీట కొస మీద చిన్న తూనికరాళ్లు పెడుతోంది. సుమారు యాభై గ్రాములకు మీట నెమ్మదిగా దిగాలి. దిగకపోతే మీట కొయ్యలో రంధ్రం చేసి సీసపు బిళ్ల కొడుతుంది. ఎక్కడ కొట్టాలో ఒక్కో మీటకూ ఒక్కో చోటు. కింది స్వరాల సుత్తులు బరువు, పై స్వరాలవి తేలిక. అయినా వాయించేవాడి వేలికి ఈ చివర నుంచి ఆ చివర దాకా తేడా తెలియకూడదు.

చెవులు మూసుకోండి. ఈ మూసిన గదిలో ఒక యంత్రం పియానో ముందు కూర్చుని 88 మీటలనూ ఏకధాటిగా బాదుతోంది. ఒక్కో మీటకు వేల దెబ్బలు. పగవాడి పనిలా అనిపిస్తుంది గానీ ఇది అవసరం. సుత్తుల మీది కొత్త ఉన్ని ఫెల్ట్ అణగాలి, కొత్త కీళ్లు కుదురుకోవాలి. అవన్నీ రేపు కచేరీలో జరగకుండా ఇవాళే జరిగిపోవాలి. యంత్రాలను ఇక్కడ చిన్నచూపు చూడరు. కలప కోతకూ, ఒకేలా ఉండాల్సిన చిన్న ముక్కలకూ కంప్యూటరు నడిపే మరలు ఉన్నాయి. ఒకేలా ఉండాల్సింది ఏదో, ఒకేలా ఉండలేనిది ఏదో తెలిసి పని పంచుకున్నారు.

ఒకేలా ఉండలేనిది చివరి గదిలో వినిపిస్తుంది. ఇక్కడ ఒక పియానో, ఒక మనిషి. శ్రుతి చేయడం చాలాసార్లు అయిపోయింది. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ చేయాల్సిందే. ఇప్పుడు ఆయన చేస్తున్నది వేరు. ఒక స్వరం కొట్టాడు. దాని పక్క స్వరం. మళ్లీ మొదటిది. మీకు రెండూ బాగానే ఉన్నాయి. ఆయన మొహం చిట్లించాడు. యంత్రాంగం మొత్తాన్ని సొరుగులా ఒళ్లోకి లాక్కుని, ఒక సుత్తి మీది ఉన్ని ఫెల్ట్‌లో సూదులు గుచ్చాడు, రెండుసార్లే. లోపలికి తోసి కొట్టాడు. ఇప్పుడు మీకూ తెలిసింది. ఇందాక ఆ స్వరంలో గాజు అంచు లాంటి కరుకు ఉండేది, అది పోయాకే అది ఉండేదని తెలిసింది.

గట్టిగా అణిచిన ఫెల్ట్ పదునుగా పలుకుతుంది. సూది గుచ్చితే పోగులు వదులై స్వరం గుండ్రబడుతుంది. బొత్తిగా మెత్తగా ఉంటే పలచటి లక్క ద్రావణం ఒక చుక్క వేసి గట్టిపరుస్తారు. గుచ్చింది వెనక్కి తీసుకోలేరు, అందుకే చెయ్యి చాలా పొదుపుగా కదులుతుంది. ఆయన దగ్గర ఆదర్శ పియానో నమూనా ఏదీ లేదు. ప్రతి పియానోనూ దాని దారిలోనే వింటాడు. కొన్నిటికి వెలుగు ఎక్కువ, అవి ఆర్కెస్ట్రా మీదుగా ఆఖరి వరస దాకా వెళ్తాయి. కొన్నిటికి మెత్తదనం ఎక్కువ, అవి గొంతుకు తోడుగా నిలవగలవు. ఒకే నక్షా, ఒకే కలప, అవే చేతులు. అయినా రెండు పియానోలు ఒకేలా పలకవు. చెట్లు రెండు ఒకేలా పెరగలేదు మరి. ఈ తేడాను చెరిపేయడం ఆయన పని కాదు. అది ఏ తరహా గొంతో గుర్తుపట్టి, ఆ గొంతుకే నిండుదనం తేవడం.

ఆ తేడా ఎంత నిజమో కళాకారులను అడగాలి. కచేరీల కోసం కంపెనీ నగరంలో కొన్ని మోడల్ డి పియానోలను సిద్ధంగా ఉంచుతుంది. కళాకారులు వచ్చి వరసగా అన్నీ వాయించి చూసి ఒకటి ఎంచుకుంటారు. ఒకరు కాదన్న దాన్నే మర్నాడు ఇంకొకరు అపురూపంగా పట్టుకెళ్తారు. కెనడా కళాకారుడు గ్లెన్ గూల్డ్ టొరంటోలో సీడీ 318 అనే స్టైన్‌వేను వెతికి పట్టుకుని తన రికార్డింగులు ఎన్నో దాని మీదే చేశాడు. రవాణాలో అది కిందపడి ఇనుప చట్రం పగిలింది. బాగుచేయించారు గానీ ఆయనకు కావాల్సిన గొంతు మళ్లీ రాలేదు. పియానో విద్వాంసుడు వ్లాదిమిర్ హొరొవిట్జ్ ఆరు దశాబ్దాల తర్వాత 1986లో మాస్కో కచేరీకి వెళ్లినప్పుడు తన ఇంటి పియానోనే క్రేనుతో కిటికీలోంచి దింపించి వెంట తీసుకెళ్లాడు. మాస్కోలో పియానోలు లేకనా? ఆయన వేళ్లకు తెలిసిన పియానో అక్కడ లేదు.

ఇలాంటి పని మీద ఇంత ఖర్చూ ఇంత కాలమూ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒక మంచి పియానో స్వరాన్ని ముద్రించుకుని ఎప్పుడు నొక్కినా అదే వినిపిస్తుంది, పిల్లలు నేర్చుకోవడానికి అది ఎంతో మేలు చేస్తోంది. కచేరీ పియానో చేసేది మరోటి. పెడల్ తొక్కి ఒక స్వరం నొక్కితే దానితో పొత్తున్న మిగతా తీగలు కూడా మెల్లగా పలకడం మొదలుపెడతాయి, ఫలకమంతా కదులుతుంది, ఆ మందిరంలోని గాలి తేమను బట్టి అది రేపు ఇంకోలా కదులుతుంది. వాయించేవాడు దాన్ని విని తన తరువాతి స్వరాన్ని మార్చుకుంటాడు. బదులిచ్చే వాద్యం అది. అలా బదులివ్వగలగాలంటే లోపలి కలపకు తన స్వభావం మిగిలి ఉండాలి. ఆ స్వభావాన్ని కొలబద్ద కనిపెట్టలేదు, చెయ్యీ చెవీ కనిపెట్టగలవు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఈ గదులన్నీ తిరిగాక స్పష్టమవుతుంది. చేత్తో కట్టినదాన్ని చేత్తో విప్పవచ్చు. పియానో ప్రతి కచేరీకి ముందు శ్రుతి కోరుతుంది. కొన్నేళ్లకు సుత్తుల ఫెల్ట్ అరుగుతుంది, దశాబ్దాలకు తీగలు నీరసిస్తాయి, మేకుల పట్టు సడలుతుంది. అప్పుడు తీగలు విప్పి, చట్రం పైకెత్తి, కొత్త దిమ్మె వేసి, అవసరమైతే కొత్త నాదఫలకం చిత్రిక పట్టి మళ్లీ నిలబెడతారు. వందేళ్ల నాటి గోడలు తిరిగి వేదికకెక్కిన సందర్భాలు ఎన్నో. అందుకే ఈ కార్ఖానాలో నిజంగా కాపాడుకోవాల్సిన ఆస్తి అచ్చులు కావు, పేటెంట్లు కావు. పాత గుర్రం మీద ఉలి పట్టి సాధన చేస్తున్న ఆ కుర్రాడు. అతని గురువు ఉద్యోగ విరమణ చేసేలోగా ఆ ఉలి కోణం అతని మణికట్టులోకి దిగాలి. ఒక్క తరం మధ్యలో తెగితే నక్షాలన్నీ భద్రంగా ఉన్నా ఇలాంటి పియానో మళ్లీ కట్టలేం. చేతిపని బతకాలని కోరుకునే ఏ సమాజమైనా ముందు చూసుకోవాల్సింది నేర్చుకునే చెయ్యి ఒకటి పక్కన ఉందా లేదా అన్నదే.